పెద్దపొయ్యి వారి చిన్న గిన్నె

అనగా అనగా, రాజులు గుర్రాలెక్కి దేశాలు తిరుగుతూ, కోడళ్ళు పొయ్యి చుట్టూ తిరుగుతూ ఉన్న కాలంలో, సంతపాడు అనే ఊళ్ళో ఒక పెద్ద ఇల్లుండేది. ఎంత పెద్దదంటే, అందులో ఎవరు ఎవరికి ఏమవుతారో ఆ ఇంట్లో వాళ్ళకే సరిగ్గా తెలిసేది కాదు. తాతలు, చిన్నతాతలు, బాబాయిలు, మేనత్తలు, తోడికోడళ్ళు, పిల్లలు, పాలేర్లు. ఇంతమందికీ కలిపి ఒకటే పొయ్యి. అదీ మామూలు పొయ్యి కాదు, నేలలో బారుగా తవ్విన గాడిపొయ్యి. దాని మీదికి ఎక్కేవన్నీ గుండిగలూ గంగాళాలే. అందుకే ఊరు వాళ్ళని పెద్దపొయ్యి వారు అనేది.

ఏయ్, వెనక కూర్చున్న వాళ్ళు! గుసగుసలు ఆపితేనే చెప్తాను. ఆపారా? సరే, వినండి.

ఆ పొయ్యికి పెద్ద నాగాంబ. కొత్త కోడలిగా వచ్చిన నాడు గరిటె పట్టింది, జుట్టు నెరిసినా దించలేదు. ఆవిడ మాట ఆ వంటింట్లో రాజుగారి శాసనం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పొయ్యి రాజుకోవాలి. ముందు మగవాళ్ళు, తర్వాత పిల్లలు, తర్వాత పనివాళ్ళు, అందరి తర్వాత కోడళ్ళు తినాలి. కోడళ్ళ వంతు వచ్చేసరికి అన్నం చల్లారి రాయయ్యేది. పస్తున్నవాళ్ళు లేరు గానీ, ఆకలి వేసినప్పుడు తిన్నవాళ్ళూ లేరు.

ఆ ఇంట్లో నాగాంబ మరిది కొడుకు నరహరి. అతని భార్య పేరిందేవి. వాళ్ళకి ఒక్కతే కూతురు, పున్నమ్మ. ఇంకా సరిగా చెప్పులేసుకోవడం కూడా రాని పిల్ల.

ఆ పిల్లకి జ్వరం వచ్చింది. జ్వరం పోయింది గానీ, పోతూ పోతూ ఆకలిని కూడా వెంటబెట్టుకుపోయింది. ఏది పెట్టినా మొహం తిప్పుకునేది. వైద్యుడు వచ్చి నాడి చూసి, "మందు లేదమ్మా, అన్నమే మందు. మెత్తగా ఉడికిన వేడన్నం, పెసరపప్పు వేసి, పిల్ల అడిగినప్పుడల్లా కొంచెం కొంచెంగా పెట్టండి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆయనకేం, చెప్పి వెళ్ళిపోయాడు. పిల్ల అడిగిన వేళకి పొయ్యి చల్లారి ఉండేది. పొయ్యి రాజుకున్న వేళకి పిల్ల నీరసంతో నిద్రపోయేది. పోనీ విడిగా వండుదామంటే, ఆ ఇల్లంతా వెతికినా ఒక చిన్న గిన్నె లేదు! గంగాళంలో పిడికెడు బియ్యం ఎవరైనా వండుతారా? పేరిందేవి ఒకసారి ధైర్యం చేసి అడిగింది. నాగాంబ ఆశ్చర్యపోయి, "ఒక్క పిల్ల కోసం గాడిపొయ్యి రాజేస్తామా అమ్మాయ్?" అంది. కోపంతో అన్న మాట కాదు. ఆ ఇంట్లో అలాంటి ఆలోచన పుట్టి ఎరగదు.

పున్నమ్మ బుగ్గలు కరిగిపోయి మొహంలో కళ్ళే మిగిలాయి. పేరిందేవికి కాలు నిలవడం లేదు. కూర్చుంటే లేస్తుంది, లేస్తే తిరుగుతుంది, తిరిగి తిరిగి పిల్ల దగ్గరికొచ్చి పొట్ట తడిమి చూస్తుంది. ఒకరోజు ఇక ఉండబట్టలేక మొగుడితో అంది.

"ఏమండీ, మనం వేరు పొయ్యి పెడదాం. నాకు నగలొద్దు, చీరలొద్దు. నా బిడ్డ అడిగినప్పుడు అన్నం ఉడకాలి, అంతే."

నరహరి మంచివాడు. కూతురంటే ప్రాణం. కాకపోతే నిలకడ లేని మనిషి, ఎవరేం చెప్పినా గంగిరెద్దులా తలూపుతాడు. ఆ రోజు భార్య చెప్పిన దానికీ తలూపాడు.

అయితే పెద్దపొయ్యి వారిలో వేరు పోవడమంటే అంత సులువు కాదు. దానికొక ఆచారం ఉంది. చెవులు రిక్కించి వినండి, ఇది తెలియకపోతే కథ తెలియదు.

వేరు పోయే వాళ్ళకి పెద్దింటి నుంచి ఒక గోనెడు బియ్యం, ఇంత పప్పు, ఇంత ఉప్పు ఇస్తారు. గిన్నె మాత్రం ఒక్కటీ ఇవ్వరు. కొత్తింట్లో కాలు పెట్టిన రోజునే గిన్నెలు కొనుక్కోవాలి. పక్కింట్లో అడిగి తెచ్చుకోవచ్చుగా అంటారేమో, అడిగి తెచ్చిన గిన్నెలో వండింది లెక్కలోకి రాదు. ఆ రోజు పొద్దు గుంకేలోపు కొత్త పొయ్యి మీద అన్నం వండి, మొదటి ముద్ద ఆ ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళకి పెట్టాలి. పెద్దింటి పెద్ద దగ్గరుండి చూడాలి. చిన్నవాళ్ళు ఆ ముద్ద మింగి, రెండో ముద్దకి నోరు తెరిస్తే పొయ్యి నిలిచినట్టు. మొహం తిప్పుకున్నా, పొద్దు గుంకినా పొయ్యి నిలవనట్టు. అప్పుడు మూటాముల్లే సర్దుకుని పెద్దింటికి పోవాలి. మళ్ళీ ఏడాది దాకా ఆ ఊసెత్తకూడదు.

ఆ కొత్తింట్లో అందరికన్నా చిన్నది ఎవరు? పున్నమ్మే కదా. ఏది పెట్టినా మొహం తిప్పుకుంటున్న పున్నమ్మ! మళ్ళీ ఏడాది ఆగే ఓపిక ఆ పిల్ల ఒంట్లో ఎక్కడుంది? అదీ పేరిందేవి గుండెల్లో రాయి.

సంత జరిగే రోజు చూసి పొద్దున్నే బయలుదేరారు. సందు చివర చిన్న పెంకుటిల్లు. పేరిందేవి వచ్చీ రాగానే మట్టి తడిపి, మూడు రాళ్ళు పేర్చి చిన్న పొయ్యి చేసింది. నాగాంబ వచ్చి అరుగు మీద కూర్చుంది, విసనకర్ర పట్టుకుని. మూతి బిగించే ఉంది. 'నా పొయ్యి కాదనుకుని వచ్చారుగా, చూద్దాం' అన్నట్టుంది ఆవిడ వాలకం.

మొదటి ముద్ద పడేదాకా ఇల్లాలు గడప దాటకూడదు. అందుకని నరహరే సంతకి పోవాలి. పేరిందేవి అతన్ని గుమ్మం దాకా తరిమినంత పని చేసింది.

"ఒక చిన్న అన్నం గిన్నె, ఒక గరిటె, ఒక కత్తిపీట. ఇంకేమీ వద్దు. పరుగున పోయి పరుగున రండి."

"చిన్న గిన్నె, గరిటె, కత్తిపీట. ఆ మాత్రం గుర్తుండదూ?" అని నరహరి పరుగెత్తాడు.

సంతలో పాత్రల వర్తకుడు పానకాలు. మాటలతోనే మేడలు కట్టి, ఆ మేడలు అమ్మగలిగినవాడు. నరహరి అడిగింది విని చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు.

"ఏమిటీ, చిన్న గిన్నా? పెద్దపొయ్యి వారి అబ్బాయికా? మెల్లగా అనండి బాబూ, నలుగురూ వింటారు!"

"మేం ముగ్గురమే పానకాలూ."

"ఈ రోజు ముగ్గురు. రేపు మీ బాబాయిలు చూడ్డానికి రారూ? మేనత్తలు వంటింట్లోకి తొంగి చూడరూ? దోసెడు గిన్నె కనిపిస్తే ఏమనుకుంటారు? 'అయ్యో పాపం, వేరు పోయి చితికిపోయాడు' అనుకోరూ? ఇదిగో, ఈ ఇత్తడి గుండిగ చూడండి. మీ వంశానికి తగ్గది."

గుండిగ ఎండలో తళతళా మెరిసింది. నరహరికి తన వంశం గుర్తొచ్చింది, పెళ్ళాం చెప్పింది మరిచిపోయాడు. ఆ రోజుల్లో సంతకి బియ్యమే డబ్బు. గుండిగ మోసుకొచ్చిన కూలీ గోనెలోంచి బియ్యం కొలుచుకుని పోయాడు. గోనె మెడ దాకా ఉన్నది నడుము దాకా దిగింది.

పేరిందేవి గుండిగని చూసింది, మొగుణ్ణి చూసింది. "ఇందులో పిల్లకి వండాలా, పిల్లని దాచాలా?" అంది.

కానీ తిట్టుకుంటూ కూర్చునే తీరికెక్కడ? నాలుగు గుప్పిళ్ళ బియ్యం కడిగి ఎసట్లో పోసింది. మూడు రాళ్ళ మీద గుండిగ అటు ఊగింది, ఇటు ఊగింది. ఆ వెడల్పాటి అడుగున బియ్యం చాప పరిచినట్టు పలచగా పరుచుకుంది. నీళ్ళు క్షణంలో ఇగిరిపోయాయి. అడుగున మాడింది, పైన బియ్యం బియ్యంలాగే ఉంది. పైగా ఉప్పు! పేరిందేవి చెయ్యి ఊరంతమందికి వండిన చెయ్యి. తనకి తెలియకుండానే గుప్పెడు వేసేసింది. ఒక మెతుకు నోట్లో వేసుకుని చూసి, థూ అని ఉమ్మేసింది.

"మాడు వాసనొస్తోందే అమ్మాయ్" అంది అరుగు మీంచి నాగాంబ.

పేరిందేవికి ఏడుపొచ్చింది. మింగేసింది. గుండిగలోకి నడుము దాకా వంగి తోముతూ, లోపలినుంచే కేకేసింది. "ఏమండీ! ఇంకా నిలబడ్డారేం? చిన్న గిన్నె తెండి! చిన్నది!"

నరహరి మళ్ళీ పరుగెత్తాడు. దారిపొడుగునా పున్నమ్మ కళ్ళే కనిపించాయతనికి. పానకాలు దుకాణం ముందు రొప్పుతూ నిలబడి, ఈసారి పిల్ల సంగతంతా చెప్పేశాడు. చెప్పకూడని వాడికి చెప్పకూడనిది చెప్తే ఏమవుతుందో చూడండి.

"అయ్యో, పిల్ల తినడం లేదా?" అన్నాడు పానకాలు జాలిగా. "ఏ పిల్లయినా అన్నం అంటే తింటుందా బాబూ? జంతికలంటే తింటుంది. కజ్జికాయలంటే లేచి కూర్చుంటుంది. పొంగనాలంటే పరుగెత్తుకొస్తుంది!"

నిజమేననిపించింది నరహరికి. కూతురి మీది ప్రేమ కళ్ళకి గంతలు కట్టింది. ఒక పెద్ద బుట్ట నింపుకుని వచ్చాడు. జంతికల గొట్టం, కజ్జికాయల చెక్క, గుంతపొంగనాల పెనం, బూందీ చట్రం, కొబ్బరి కోరు, పువ్వుల అచ్చులు. కూలీ మళ్ళీ బియ్యం కొలుచుకుపోయాడు. గోనె మోకాళ్ళ దాకా దిగింది.

పేరిందేవి బుట్ట బోర్లించింది. ఒక్కొక్కటీ పైకెత్తి చూసింది.

"జంతికల గొట్టం తెచ్చారు. అందులో వేసే పిండి ఏదీ?"

నరహరి ఖాళీ బుట్టలోకి తొంగి చూశాడు.

"చట్రం తెచ్చారు. బూందీ వేయించే మూకుడేది?"

"అది... మూకుడు సంగతి అతను చెప్పలేదే!"

"జ్వరం పడి లేచిన పిల్లకి నూనెలో వేయించినవి పెడతారా ఎవరైనా? పండగ సామానంతా తెచ్చారు. పండగ చేసుకోవడానికి ముందు మనం బతకాలి కదండీ!"

ఆ మాటతో నరహరి తల వాలిపోయింది. అరుగు మీద నాగాంబ విసనకర్ర ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. ఎండ అరుగు దిగి వాకిట్లోకి జారింది. చాప మీద పడుకున్న పున్నమ్మ పొద్దుట్నుంచీ నసుగుతూనే ఉంది, ఇప్పుడు నసగడం కూడా మానేసింది. ఏడిచే పిల్ల ఊరుకుంటే తల్లికి ఎంత భయమో మీ అమ్మలనడగండి. పేరిందేవి కాలుగాలిన పిల్లిలా పొయ్యికీ చాపకీ మధ్య తిరిగింది.

"నేను తెస్తాను! ఈసారి సరైంది తెస్తాను!" అని నరహరి ఆమె ఆపేలోపే వీధిలో పడ్డాడు.

ఈసారి అతన్ని పట్టుకున్నది తొందర. "పానకాలూ, పొద్దు వాలుతోంది! త్వరగా ఉడికేది ఏదైనా ఇయ్యి!" అని అరిచాడు. అడిగిన తీరే అలా ఉంటే వర్తకుడికి అంతకన్నా కావలసిందేముంది?

పానకాలు దుకాణం లోపలికి పోయి, గుడ్డ కప్పిన ఒక గోపురాన్ని మోసుకొచ్చాడు. గుడ్డ లాగాడు. గిన్నె మీద గిన్నె, దాని మీద గిన్నె, అలా ఏడంతస్తులు! పైన కలశం కూడా ఉంది.

"దీని పేరు సప్తపాకం. ఒక్క మంట చాలు. కింద పప్పు, పైన అన్నం, ఆ పైన కూర, పులుసు, చారు, పెరుగుపచ్చడి, చిట్టచివర పాయసం. అన్నీ రెప్పపాటులో ఉడికిపోతాయి!"

పెరుగుపచ్చడి ఉడకడమేమిటని నరహరి అడగలేదు. మీరు నవ్వుతున్నారు, మీకు తొందర లేదు కనుక. తొందరలో ఉన్నవాడికి గాడిద కూడా గుర్రంలాగే కనిపిస్తుంది. కూలీ వచ్చి గోనెని తలకిందులు చేసినంత పని చేసి బియ్యం కొలుచుకుపోయాడు. ఇక అడుగున దోసెడే మిగిలింది.

ఆ దోసెట్లో సగం సప్తపాకంలో పోశారు. కింది అంతస్తు సలసలా కాగింది, అన్నమున్న అంతస్తు గోరువెచ్చగా కూడా కాలేదు. మంట పెంచారు. సందుల్లోంచి నీళ్ళు కారి పొయ్యి చుయ్యిమంది. ఊదారు. మళ్ళీ పెంచారు. గోపురం పక్కకి ఒరిగింది. "పట్టుకోండి, పట్టుకోండి!" అని పేరిందేవి అరిచేలోపే ఏడంతస్తులూ ఢమాఢమా కూలాయి. కలశం దొర్లుకుంటూ పోయి నాగాంబ కాళ్ళ దగ్గర ఆగింది. బియ్యమంతా బూడిదలో కలిసింది.

"ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికి నిచ్చెన వేసిందట" అంది నాగాంబ. కానీ ఆ మాటలో వెటకారం పలచబడింది. ఆవిడ చూపు చాప మీది పిల్ల మీదే ఉంది.

నరహరి బూడిదలో చతికిలబడ్డాడు. "నావల్ల కాదు పేరిందేవీ. నీకు మొగుణ్ణయ్యాను, అదే నీ ఖర్మ" అని మొహం కప్పుకుని ఏడ్చాడు.

పేరిందేవి ఏడవలేదు. కొంగు బిగించి నడుముకి దోపింది. పున్నమ్మని చంకనెత్తుకుంది. గుమ్మం వైపు నడిచింది.

"ఆగు!" అంది నాగాంబ. "మొదటి ముద్ద పడకుండా ఇల్లాలు గడప దాటకూడదు. ఆచారం తెలుసుగా?"

"ముద్ద పడడానికే దాటుతున్నాను అత్తయ్యా. నన్ను ఆపితే నా బిడ్డ నోట్లో ముద్ద పడదు. దాటితే తప్పే. ఆ తప్పు నేనే మోస్తాను."

నాగాంబ ఆమెని చూసింది, పిల్లని చూసింది. వాలుతున్న పొద్దుని చూసింది. తర్వాత విసనకర్ర మొహానికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది.

"ఈ ఎండకి కళ్ళు మూతలు పడుతున్నాయమ్మా. ఎవరు పోయారో, ఎవరొచ్చారో నాకేం తెలుసు" అంది.

పేరిందేవి గడప దాటింది.

ఆ ఊరేగింపు చూడాలి మీరు! ముందు పిల్లనెత్తుకుని పేరిందేవి, వెనక తల మీద గుండిగ, గుండిగలో గోపురం ముక్కలు, చేతిలో బుట్టతో నరహరి. అడుగడుక్కీ గణగణ, దడదడ. సంతంతా బేరాలాపి వాళ్ళ వెనకే నడిచింది.

పానకాలు దూరం నుంచే చేతులూపాడు. "అమ్మిన సరుకు వెనక్కి తీసుకోను తల్లీ! ముందే చెప్తున్నాను!"

"వెనక్కివ్వడానికి రాలేదన్నా. ఒక్క మాట అడిగి పోదామని వచ్చాను" అంది పేరిందేవి.

"అడుగు తల్లీ, అడుగు" అన్నాడు పానకాలు, గండం గడిచిందనుకుని.

"ఈ పూట మీ ఇంట్లో అన్నం దేనిలో ఉడికింది?"

పానకాలు నోరు తెరిచాడు. మళ్ళీ మూసేసి, ముందున్న గిన్నెలు సర్దసాగాడు. వెనక నిలబడ్డ జనం మెడలు చాచారు.

"మీ ఇంట్లోనూ గుండిగే కదా? సప్తపాకం కూడా ఉండే ఉంటుంది. ఇంత మంచివి చేతిలో ఉంచుకుని, మీవాళ్ళకి వండి పెట్టకుండా ఊరికే అమ్ముకుంటారా?"

అప్పుడు దుకాణం వెనక గోనె తెర కదిలింది. తెర వెనకే వాళ్ళ కాపురం. పానకాలు భార్య గవరమ్మ, చేతిలో గరిటెతో తల బయటికి పెట్టి పకపకా నవ్వింది.

"గుండిగా? అది ఇంటికి తెస్తే అందులో నిన్నే ఉడకేస్తానని చెప్పాను ఈయనతో! ఇటు రా తల్లీ. మా ఇంటి అన్నం ఉడికేది ఇదిగో, దీనిలో."

మసిపట్టి నల్లబడ్డ చిన్న గిన్నె. మందపాటి అడుగు, అంచు దగ్గర చిన్న సొట్ట. పక్కన ఒక గరిటె, గోడకి ఆనించి ఒక కత్తిపీట. అంతే ఆ వంటిల్లు.

జనంలో ఎవరో "ఓహో!" అన్నారు. ఇంకెవరో "అయితే మొన్న నాకంటగట్టిన ఆరు బుడ్ల దీపం సంగతేమిటయ్యా?" అన్నారు. పానకాలు మొహం మాడిపోయింది. బేరగాళ్ళు జారిపోతున్నారని గ్రహించి గబగబా చేతులు జోడించాడు.

"తల్లీ, నీకేం కావాలో తీసుకో. ఇవన్నీ ఇక్కడ దించు. నీ బియ్యం రేపు పొద్దున్నే కొలిపించి నేనే పంపిస్తాను. గొడవ చెయ్యకు."

"నాకు మీ అన్నం గిన్నె కావాలి. అది అడిగి తీసుకుపోవడం కాదు, బదులిచ్చి కొనుక్కోవాలి. ఈ గుండిగ మీది, ఆ గిన్నె నాది. సరేనా?"

గవరమ్మ మొగుడి జవాబు కోసం ఆగలేదు. గిన్నె కడిగి, గరిటె అందులో పెట్టి, కత్తిపీట నరహరి చేతికిచ్చింది. నరహరి బిక్కమొహం వేశాడు.

"ఇంతేనా అక్కా? ఇంకేమీ అక్కర్లేదా?"

"ఉడకడానికి ఒకటి, కలపడానికి ఒకటి, కోయడానికి ఒకటి. ఇంక దేనికి బాబూ తొందర? జంతికలు తినాలనిపించిన రోజున జంతికల గొట్టం కొనుక్కో. వంట పుట్టాక గిన్నె తేవాలి గానీ, గిన్నె తెచ్చి వంట కోసం వెతుక్కుంటారా?"

అప్పటికే పొద్దు తాటిచెట్ల తలలు తాకుతోంది. పేరిందేవి పరుగెత్తింది. చంకలో పిల్ల, చేతిలో గిన్నె, గుండెలో దడ. వాకిట్లోకి వచ్చేసరికి పొయ్యిలో నిప్పు రాజుకుని ఉంది. ఎవరు రాజేశారో తెలియదు. నాగాంబ అరుగు మీద గోడ వైపు తిరిగి అలాగే కూర్చుంది, కొంగుకి మాత్రం బూడిద అంటి ఉంది.

గోనె దులిపితే మిగిలిన బియ్యం రాలింది. గుప్పెడుంటుంది, అంతే. దాన్లో చిటికెడు తక్కువ గుప్పెడు పెసరపప్పు కలిపి కడిగింది. కత్తిపీట మీద చిన్న అల్లంముక్క తరిగింది. చిన్న గిన్నె మూడు రాళ్ళ మీద కదలకుండా కూర్చుంది. ఎసరు వచ్చింది. ఉప్పు డబ్బాలోకి వెళ్ళిన చెయ్యి గుప్పిట పట్టబోయి, ఆగి, వేళ్ళ కొసలతో తీసింది.

నరహరికి కూర్చోవడం చేతకావడం లేదు. "మూత లేదే! పోనీ ఒక్క పరుగులో పోయి మూత..."

"కూర్చోండి!" అంది పేరిందేవి. అంత గట్టిగా ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. "ఆ విస్తరాకు గిన్నె మీద కప్పి, పిల్ల పక్కన కూర్చోండి. ఇక సంత లేదు, గింత లేదు."

నరహరి కూర్చున్నాడు. పున్నమ్మ తల తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పొద్దుట్నుంచీ ఆ పిల్ల కోసమే తిరిగినవాడు, పిల్లని ముట్టుకోవడం అప్పుడే మొదలు. ఆ తల ఎంత తేలిగ్గా ఉందో తెలిసి, చెయ్యి తీయకుండా నిమురుతూ ఉండిపోయాడు.

గిన్నె చిన్నది కనుక వేడి అంతటా చేరింది. మెతుకు చిట్లింది, పప్పు కరిగింది. పేరిందేవి గరిటెతో తిప్పింది, మెత్తగా మెదిపింది. ఆకులో వేసి, వేలితో అద్ది చూసి, ఊది, చిన్న ముద్ద చేసింది. గుమ్మంలో ఎర్రటి ఎండ గీతలా మిగిలింది. నాగాంబ లేచి లోపలికొచ్చి నిలబడింది.

ముద్ద పున్నమ్మ పెదాలకి తగిలింది.

పిల్ల కళ్ళు తెరిచింది. వాసన చూసింది. ముద్ద నోట్లోకి తీసుకుంది. బుగ్గలో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. మింగదు, ఉమ్మదు. నరహరి పళ్ళు బిగించాడు. మీరూ ఊపిరి బిగబట్టారని నాకు తెలుసు, కాసేపు ఓపిక పట్టండి.

పిల్ల మింగింది.

తర్వాత పక్షిపిల్లలాగా నోరు తెరిచింది. "అమ్మా, ఇంకోటి" అంది.

పేరిందేవి రెండో ముద్ద పెట్టింది. మూడోది పెట్టింది. ముద్ద కలుపుతున్న చేతి మీద కన్నీళ్ళు టపటపా రాలుతున్నా ఆమె తుడుచుకోలేదు. చాలా రోజుల తర్వాత ఆమె ఒంట్లో ఆరాటం ఆగింది, కూర్చున్న చోటే కూర్చుంది. పిల్ల తిని, తండ్రి ఒళ్ళో తృప్తిగా ఒత్తిగిలింది.

ఇక నాగాంబ మాట చెప్పాలి. పొయ్యి నిలిచిందో లేదో పెద్దింటి పెద్దే తన నోటితో చెప్పాలి. ఆవిడ చెప్పలేదు. మెల్లగా మోకాళ్ళ మీద చేతులాన్చి, పొయ్యి ముందు నేల మీద కూర్చుంది. గిన్నెలోకి తొంగి చూసింది. అడుగున రెండు ముద్దల అన్నం పొగలు కక్కుతోంది.

"అమ్మాయ్" అంది. "నాకొక ముద్ద పెడతావా?"

పేరిందేవి తెల్లబోయింది. అయినా గబగబా ముద్ద చేసి ఆవిడ చేతిలో పెట్టింది. నాగాంబ అటూ ఇటూ మార్చుకుంటూ, ఊదుకుంటూ, నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుని నమిలింది. ముడతలు పడ్డ ఆ బుగ్గల మీద నీళ్ళు దిగాయి.

"అత్తయ్యా, ఏమైంది? ఉప్పెక్కువైందా?" అంది పేరిందేవి కంగారుగా.

"లేదే పిచ్చిదానా. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఊరందరికీ వేడివేడిగా వండి వడ్డించాను. నేను వేడన్నం తినడం ఇదే మొదలు. ఇలా ఉంటుందని నాకు తెలియదే. నాకు తెలియలేదు కాబట్టే, నీ బిడ్డకి కావాలంటే నాకు అర్థం కాలేదు."

చెయ్యి కడుక్కుని లేచింది. గుమ్మంలోకి వెళ్ళి, వీధికి వినబడేలా, "నరహరి ఇంట పొయ్యి నిలిచింది!" అని కేకేసింది. తర్వాత నరహరి వైపు తిరిగింది. "వచ్చే సంతకి నాకూ ఒక గిన్నె తెచ్చి పెట్టరా. చిన్నదే. పానకాలు ఏం చెప్పినా సరే, చిన్నదే!"

ఆ తర్వాత పెద్దింట్లో గాడిపొయ్యి పక్కన మూడు రాళ్ళ పొయ్యి ఒకటి వెలిసింది. జ్వరం పడ్డ పిల్లలు, పళ్ళు లేని తాతలు, అందరి తర్వాత తినే కోడళ్ళు, ఎవరు ఏ వేళ ఆకలన్నా అది రాజుకునేది. నాగాంబే రాజేసేది. ఎవరి చేతా తోమించకుండా ఆ చిన్న గిన్నె తనే తోముకునేది.

నీతి: అరుగు మీద నుంచి తొంగి చూసేవాళ్ళ కోసం కాదు, ఆకలితో నీ ఎదురుగా కూర్చున్నవాళ్ళ కోసం గిన్నె కొను, గొప్ప కోసం కొన్నది గూట్లో మూలుగుతుంది, అవసరానికి కొన్నదే అన్నం పెడుతుంది.